మాస్టారు ఊహించని ఎత్తు

"గెలిచాను బాబూ. అదే నా భయం," అన్నాడు ముసలి దర్జీ, డిటెక్టివ్ ఎదుట కుర్చీ అంచున కూర్చుని.

ఏళ్ల తరబడి ఆయన పోస్టుకార్డుల మీద ఎత్తులు రాసి పంపుతూ, పొరుగూరి లెక్కల మాస్టారితో చదరంగం ఆడుతున్నాడు. ఇద్దరూ ఎన్నడూ ముఖాలు చూసుకోలేదు. మాస్టారి రేటింగు కొండంత, దర్జీది గోరంత. అలాంటిది ఈసారి దర్జీ గెలిచాడు. వెనక ఎవరో ఉండి ఆడించారని క్లబ్బు కార్యదర్శి ఆయన పేరు కొట్టేస్తానంటున్నాడు.

"పేరు పోతే పోనీండి. మాస్టారు నన్ను దొంగ అనుకుంటే తట్టుకోలేను."

డిటెక్టివ్ కార్డులన్నీ బల్లమీద పరిచాడు. సహాయకురాలు ఓపిగ్గా చదివింది. మాస్టారి చేయి వణుకుతుందని మొదట్నించీ కూతురే రాసేదట. ప్రతి ఎత్తు కిందా ఒక ఎత్తిపొడుపు: 'నీ రాజుకి చొక్కా కుట్టడం మరిచావేమోయ్?' దర్జీ గుర్రాన్ని ఊరికే బలిపెట్టిన దగ్గర్నించి ఎత్తిపొడుపులు లేవు. అంతదాకా తిరుగుటపాలో వచ్చిన జవాబులకు ఆపైన వారాలు పట్టాయి.

"ఆ గుర్రాన్ని అలా ఎందుకు వేశారు?" అడిగాడు డిటెక్టివ్.

"కళ్లజోడు పగిలిందండి. గడి తప్పు చూశాను."

సహాయకురాలికి నవ్వొచ్చింది. డిటెక్టివ్ నవ్వలేదు.

మర్నాడు కార్యదర్శినీ వెంటబెట్టుకుని అంతా మాస్టారి ఇంటికి వెళ్లారు. కూతురు తలుపు తీసింది. గదిలో చదరంగం బల్ల పరిచి ఉంది. మూలనున్న చేతికర్రకు సాలెగూడు పట్టడం సహాయకురాలు చూసింది.

"నాన్నగారిని పిలవమ్మా," అన్నాడు కార్యదర్శి.

"ఆయన్ని ఇక ఎవరూ పిలవలేరు," అన్నాడు డిటెక్టివ్ మెల్లగా. "దర్జీగారికి ఎవరూ సాయం చెయ్యలేదు. సాయం అందింది ఈవిడకి. అతను ఇలా వేస్తే నువ్విలా వెయ్యి, ఈ మాట రాయి అని మాస్టారు పోయేముందు ఆటంతా చెప్పి వెళ్లారు. అందుకే జవాబులు వెంటనే వచ్చేవి. ఆట తెలిసినవాడెవడూ వెయ్యని ఆ ఒక్క ఎత్తుకే ఆయన జవాబు చెప్పలేదు. అక్కణ్ణించి ఈవిడ ఒంటరిగా ఆడింది."

కూతురు తల దించుకుంది. "భార్య పోయాక దర్జీకి ఈ కార్డులే తోడు, ఆట మధ్యలో ఆపకమ్మా అన్నాడు నాన్న. కావాలని ఓడలేదు బాబాయ్. నాకు ఆడటమూ రాదు, నాన్నలా వెక్కిరించడమూ రాదు."

కార్యదర్శి చేతిలోని ఫిర్యాదును మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మొదటిసారి గెలిచానమ్మా. చెప్పుకుందామంటే ఆయనే లేడు," అన్నాడు దర్జీ. తర్వాత బల్ల దగ్గరికి వెళ్లి, పావుల్ని ఒక్కొక్కటే వెనక్కి జరిపి, గుర్రాన్ని ఈసారి సరైన గడిలో పెట్టాడు. "దీనికేం చెప్పాడు నాన్న?"

కూతురు తడుముకోకుండా ఏనుగును జరిపింది.

"'కుట్టు బాగానే ఉందోయ్, గుండీలు మాత్రం నా దగ్గరున్నాయి' అని రాయమన్నాడు."

దర్జీ కళ్లు తుడుచుకుని, ఓడిపోవడానికి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.