పదిహేడో మడిలో గడ్డి

మొక్కజొన్న పరిశోధన క్షేత్రంలో రికార్డులు రాసే గుమస్తాను మోటారు షెడ్డులో ఎవరో గొంతు పిసికి చంపారు. అతని నోట్‌బుక్‌లో ఆఖరి పేజీ లేదు.

చీఫ్ ఫోటో బల్లమీద పడేశాడు. "గొర్రూ, ఈ పని నీదే."

డిపార్టుమెంటులో ఈ రైతుబిడ్డ ఏజెంటును అలాగే పిలుస్తారు. పిస్టల్ పట్టి పదేళ్లయినా నడకలో దుక్కి పోలేదు మరి.

"ఇరవై హైబ్రిడ్లు. పూతకు ముందు నీళ్లు ఆపేశారు. బెట్టకు తట్టుకున్న విత్తనం మెట్ట ప్రాంతమంతా వెళ్తుంది. పదిహేడో నంబరు విదేశీ ముఠాది. అదే గెలుస్తోంది. నిజంగానా, మోసమా? శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి డైరెక్టర్ సంతకం. ఆలోపు తేల్చు."

"లోపల మనవాళ్లు?"

"ముఠా సైంటిస్టుగా ఉంటూ మనకు కబుర్లందించే డబుల్ ఏజెంట్. కోడ్ వర్డ్, 'పీచు వచ్చిందా?'"

గొర్రు అక్క ఆ మెట్టలోనే ఉంది. రెండేళ్లు వరసగా పంట మాడింది. ఈ విత్తనం కోసమే నాలుగెకరాలు దున్ని కూర్చుంది. ఇదీ పోతే పొలం దక్కదు. ఆమెకు ఒక్క ముక్క చెప్పడానికి లేదు.

కలుపు కూలీ వేషంలో దిగాడు. గట్టుమీద నల్ల కళ్లద్దాలు, తెల్ల బూట్లు, మనిషికంటే ముందొచ్చే సెంటు వాసన.

"పీచు వచ్చిందా?"

"ఇంకా మూడు రోజులు," అందామె పెదవి కదలకుండా. "మోసం గోదాములో ఉంది. ప్యాకెట్లు మార్చారు."

రెండు రోజులు గోదాము గాలించాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు. చీఫ్ ఇచ్చిన పెన్ కెమెరా వేడికి చచ్చింది.

శుక్రవారం పదకొండున్నరకు మళ్లీ చేలో ఉన్నాడు.

"ఏం అబ్బాయ్, గడ్డి పీకుతున్నావా, దానికి జడలేస్తున్నావా?" అరిచింది కూలీల మేస్త్రి.

"ఇక్కడ వేళ్లతో సహా వచ్చేస్తోంది, పిన్నీ."

"ఆ మడి అంతే. పక్క మడిలో లాగు, చేతులు తెగుతాయి."

గొర్రు చెయ్యి ఆగింది. పక్క మడుల్లో ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయాయి, గడ్డి మాడిపోయింది. పదిహేడులో ఆకులు విచ్చుకునే ఉన్నాయి. సరే, హైబ్రిడ్ గొప్పదే అనుకుందాం. మరి ఈ గడ్డి? దీన్ని ఏ కంపెనీ తయారుచేసింది?

సైంటిస్టులు గట్టుమీంచే ఆకులు చూసి మార్కులేశారు. గుమస్తా ఒక్కడే వంగి చూసినట్టున్నాడు.

చేను పక్కనే వేసిన టెంటులో డైరెక్టర్ పెన్ను మూత తీశాడు.

"ఆపండి!" గొర్రు పార ఎత్తి మడిలో దించాడు. రెండో వేటుకు తడిమట్టి, దాని కింద నల్లటి డ్రిప్ పైపు.

సెంటు వాసన. వీపుకు ఆనిన పిస్టల్.

"గోదాములోనే ఉండాల్సింది, గొర్రూ."

"గుమస్తాను చంపింది నువ్వేనా?"

"అతనికి వంగి చూసే జబ్బు."

ఆ మాట పూర్తికాలేదు, గడ్డి గంప ఆమె నెత్తిన బోర్లా పడింది. "మా కూలోణ్ణి కాలుస్తావుటే!" మేస్త్రి ఆమెను మట్టిలో కూలేసింది. తూటా గట్టులో దిగింది. డైరెక్టర్ పెన్ను మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది.

సాయంత్రం అక్క ఫోను.

"ఒరేయ్, విత్తనం రాదటగా? ఇప్పుడు నేను చేలో ఏం వెయ్యను, మన్నా?"

గొర్రు ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఎవడో చివరి నిమిషంలో అడ్డం పడ్డాడటరా. వాడి చేతులు పడిపోను!"

గడ్డి పీకి, పార పట్టి బొబ్బలెక్కిన అరచేతులకేసి చూసుకున్నాడు గొర్రు. "సగం పడిపోయాయిలే, అక్కా," అన్నాడు.