పిడుగు స్టూలు మీద పిల్లి

స్కూల్ బస్సు దిగిన పిడుగు పరుగెత్తుకుంటూ తాత కొట్లోకి వచ్చింది. బ్యాగు మూలకు విసిరేసి, టక్కున ఆగిపోయింది. తన స్టూలు మీద మళ్లీ ఆ పిల్లే!

"తాతా! అది నా స్టూలు!"

"ష్..." అన్నాడు తాత, కంటికి బిగించుకున్న భూతద్దం తీయకుండానే. "ఇప్పుడే నిద్రపోయింది. నువ్వు ఆ డబ్బా లాక్కుని కూర్చో తల్లీ."

డబ్బా అట! పిడుగుకు ఒళ్లు మండిపోయింది.

ఆ పిల్లకు వేరే పేరు లేకపోలేదు. కానీ క్లాసులో హాజరు పిలిచే టీచరుకు తప్ప ఆ పేరుతో ఎవరికీ పని పడదు. ఇంట్లోనూ వీధిలోనూ అందరికీ పిడుగే. తాత కొట్లో మాత్రం ఇంకో హోదా ఉండేది. చిన్న మెకానిక్!

తాత గడియారాలు బాగు చేస్తాడు. ఆయన పని చేస్తుంటే స్టూలు మీద కూర్చుని లైటు పట్టుకోవడం, ఆవగింజలంత స్క్రూలు అందించడం పిడుగు పని. అన్నిటికంటే పెద్ద పని ఇంకోటి. బాగైన అలారం గడియారానికి కీ ఇచ్చి, మోగించి, చెవి పెట్టి విని, "ఓకే!" అని చెప్పడం. చిన్న మెకానిక్ ఓకే అననిదే ఏ అలారం గడియారమూ కొట్టు గడప దాటేది కాదు.

ఇదంతా పిల్లి రాకముందు మాట.

పిల్లిని తెచ్చింది సంగీతం టీచరమ్మ. తాత దగ్గరే గడియారాలు బాగు చేయించుకుంటుంది. ఆవిడ కొత్తగా అద్దెకు చేరిన ఇంట్లో పిల్లులు కుదరవన్నారట. బుట్ట మూత తీసి, వెళ్లలేక వెళ్లలేక బోలెడు జాగ్రత్తలు చెప్పింది.

"ఇది కోరాట్ అనే జాతండీ. ఎక్కడో గానీ దొరకదు. బొచ్చు పొట్టిగా, ఒక్క పొరే ఉంటుంది, అందుకే చలికి తట్టుకోలేదు. కళ్లు ఇప్పుడు పసుపుగా ఉన్నాయి కదా, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. పెద్ద చప్పుళ్లంటే మాత్రం దీనికి ప్రాణం పోతుంది. భయపడి దాక్కుంటే లాగకండి. నిశ్శబ్దంగా ఉంటే దానంతటదే వస్తుంది. మీ దగ్గర అలవాటు పడకపోతే చెప్పండి, ఇంకెవరికైనా ఇచ్చేస్తాను."

"బూడిద రంగు పిల్లి! ఏ గోడ మీద చూసినా ఇలాంటివే," అని గొణిగింది పిడుగు.

తాత పిల్లిని మెల్లగా లైటు వైపు తిప్పాడు. "బొచ్చు కొసలు చూడవే. వెండి నీళ్లలో ముంచి తీసినట్టు లేవూ?"

ఆ రోజు నుంచి తాతకు అది వెండి అయిపోయింది. పిడుగుకు మాత్రం బూడిదే.

అది మొదలు పిడుగుకు కష్టకాలం దాపురించింది. బూడిద భయపడుతుందని తాత గోడ గడియారాల గంటలన్నీ మోగకుండా చేశాడు. అలారాలు కూడా తనే వెనక గదిలోకి తీసుకెళ్లి, తలుపేసుకుని మోగించుకుంటున్నాడు. చిన్న మెకానిక్ ఉద్యోగం ఊడింది!

కొట్టుకు వచ్చేవాళ్లయినా సరిగ్గా ఉన్నారా అంటే, వాళ్లూ అంతే. ఇదివరకు "ఏమ్మా చిన్న మెకానిక్, నా వాచీ తిరుగుతోందా?" అని పలకరించేవాళ్లు. ఇప్పుడు గుమ్మంలోంచే "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అంటున్నారు. ఆ మాట తనను కాదని పిడుగుకు తెలుసు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇది మరో ఎత్తు. తాత భుజం మీద గడ్డం ఆనించి ఏదైనా చెప్పబోతే చాలు, ఎక్కడున్నా సరే బూడిద ఒక్క గెంతు గెంతి మధ్యలో దూరేది. తలతో పిడుగు చెంపను నెట్టేసేది. తాత పకపకా నవ్వేవాడు. పిడుగుకు నవ్వు వచ్చేది కాదు సరికదా, ఏడుపు ముంచుకొచ్చేది.

"తాతకి ఇంక నేను అక్కర్లేదు," అంది ఆ సాయంత్రం అమ్మతో, మూతి ముడుచుకుని.

అమ్మ బట్టలు మడత పెడుతోంది. "పిల్లితో నీకు పోటీ ఏంటే?"

"అయితే రేపట్నుంచి దాన్నే స్కూలుకి పంపు. నేను స్టూలు మీద పడుకుంటాను."

అమ్మ నవ్వి ఊరుకుంది. కానీ పిడుగు జోకు వేయలేదు. నిజంగానే అంది.

మర్నాడు తాత గోడ గడియారం ఒకటి చంకలో పెట్టుకుని చెప్పులేసుకున్నాడు. "పక్క వీధిలో ఇది తగిలించి వచ్చేస్తాను. వెండిని చూస్తుండు. తలుపు తీయకు."

ఇదివరకైతే "కొట్టు చూస్తుండు" అనేవాడు. ఇప్పుడు వెండిని చూస్తుండాలట! పిడుగు తలుపు మూసి వెనక్కి తిరిగింది. స్టూలు మీద బూడిద హాయిగా చుట్టుకుని పడుకుంది. గోడ పక్క అరలో, బాగు చేసిన అలారం గడియారాలు వరసగా ఉన్నాయి.

అలవాటు పడకపోతే ఇంకెవరికైనా ఇచ్చేస్తానంది కదా టీచరమ్మ!

పిడుగు ఒక్కో గడియారమే తీసింది. కాసేపట్లో మోగేలా, అన్నిటి అలారం ముల్లూ ఒకే అంకె మీద పెట్టింది. అన్నిటికీ గట్టిగా కీ ఇచ్చింది. ఏమీ ఎరగనట్టు వచ్చి చేతులు కట్టుకుని కూర్చుంది.

ముందు ఒకటి గణగణమంది. వెంటనే రెండోది అందుకుంది. ఆ తర్వాత అర అరంతా ఒక్కసారి విరుచుకుపడింది. బాబోయ్, ఏం మోత! బూడిద గాల్లోకి ఎగిరింది. స్టూలు పడింది. స్క్రూల గిన్నె బోర్లా పడి, స్క్రూలు కొట్టంతా చెల్లాచెదురయ్యాయి. పిడుగుకే భయమేసి గడియారాల మీదికి ఉరికింది. ఒకటి నొక్కితే పక్కది మోగుతోంది, పక్కది నొక్కితే అవతలిది. అన్నీ ఆగేసరికి ముచ్చెమటలు పోశాయి.

స్టూలు దగ్గర పిల్లి లేదు. బల్ల కింద లేదు. ఎక్కడా లేదు.

ఇప్పుడు సంతోషం రావాలి కదా? రాలేదు.

తాత వస్తూనే పడిపోయిన స్టూలును చూశాడు. "వెండి ఏదీ?"

"తెలీదు. ఏదో చప్పుడైంది," అంది పిడుగు నేల చూపులు చూస్తూ.

తాత అలారాల అర వైపు ఒకసారి చూశాడు. నొప్పి మోకాళ్లతోనే నేల మీద కూలబడి "వెండీ... వెండీ..." అని పిలుస్తూ ప్రతి మూలా వెతికాడు. చివరికి కనిపించింది. మూలన నిలబెట్టిన పొడుగాటి చెక్క గడియారం లోపల, ఊగుతున్న లోలకం వెనక రెండు పసుపు కళ్లు. ఒళ్లంతా గజగజ వణుకుతోంది. తాత చెయ్యి చాపితే ఇంకా లోపలికి ముడుచుకుపోయింది.

"నా దగ్గరికి కూడా రావట్లేదు," అన్నాడు తాత. "టీచరమ్మకి ఫోన్ చేసేస్తాను. ఇది ఉండాల్సిన చోటు కాదిది. నాకు ఇష్టమని చెప్పి దాన్ని ఏడిపించడం ఎందుకు?"

పిడుగు కోరుకున్నది అదే. తీరా ఆ మాట వినేసరికి తాత ముఖం చూడలేకపోయింది. టీచరమ్మ చెప్పింది గుర్తు తెచ్చుకుంది. నిశ్శబ్దంగా ఉంటే దానంతటదే వస్తుంది. కానీ ఈ కొట్లో నిశ్శబ్దం ఎక్కడుంది? నాలుగు గోడలూ టిక్కు టిక్కుమంటూనే ఉంటాయి.

"తాతా, గడియారాలన్నీ ఆపేద్దామా?"

తాత తలెత్తాడు. బాగు చేసిన గోడ గడియారం, దాన్ని ఇచ్చిన మనిషి వచ్చేదాకా ఆ గోడ మీద ఆగకుండా తిరగాలి. సరిగ్గా నడుస్తోందని అప్పుడే నమ్మకం. ఆపితే మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. తాత గోడ వైపు చూశాడు, చెక్క గడియారం వైపు చూశాడు.

"సరే. నువ్వా గోడ, నేనీ గోడ."

ఇద్దరూ అడుగులో అడుగు వేస్తూ ఒక్కో లోలకాన్నే వేలితో పట్టి ఆపారు. అలారం గడియారాలను వెనక గదిలో పెట్టి తలుపేశారు. ఒక్కో టిక్కూ తగ్గుతూ వచ్చింది. ఆఖరుగా తాత చెక్క గడియారంలోకి చెయ్యి పెట్టి, దాని పెద్ద లోలకాన్ని ఆపాడు. పిడుగు పుట్టి బుద్ధెరిగాక ఆ కొట్టు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. తాత ఊపిరి కూడా వినబడుతోంది. ఇద్దరూ నేల మీద కూర్చున్నారు.

"తాతా," అంది పిడుగు గుసగుసగా. "అలారాలు నేనే మోగించాను."

"తెలుసు. అన్ని ముళ్లూ ఒకే అంకె మీద ఉన్నాయి."

"మరి తిట్టలేదేం?"

"నువ్వే చెబుతావేమోనని చూశాను."

పిడుగుకు ఏడుపు తన్నుకొచ్చింది. చప్పుడైతే పిల్లి బెదురుతుందని రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చింది. "నా స్టూలూ పోయింది, నా పనీ పోయింది. నీ దగ్గరికొస్తే అది మధ్యలో దూరిపోతుంది."

"స్టూలు విషయంలో తప్పు నాదే తల్లీ. నిన్నడక్కుండా ఇచ్చేశాను," అన్నాడు తాత. "అది మధ్యలో ఎందుకు దూరుతుందనుకున్నావ్?"

"నన్ను తరిమెయ్యడానికి."

"నిన్ను చూసి దానికి కుళ్లు! ఈ జాతే అంతట. ఇష్టమైన మనిషిని ఇంకొకళ్లకి పంచడమంటే వాటికి చచ్చే చావు."

పిడుగు ఏడుపు ఆపేసింది. "నన్ను చూసా?"

"నువ్వు గుమ్మంలోకి రాగానే పని ఆపి నవ్వుతాను. దానికి కళ్లు లేవూ?"

చెక్క గడియారం లోంచి ఒక పాదం బయటికి వచ్చింది. తర్వాత మీసాలు, తర్వాత మొత్తం పిల్లి. అది పిడుగును చూసి ఆగింది. ఆమెకు దూరంగా, గోడ వారనే చుట్టు తిరిగి వెళ్లి తాత ఒళ్లో దూరింది.

"నా వైపు చూడను కూడా చూడలేదు," అంది పిడుగు.

"చూడదు. కొన్నాళ్లు చూడదు," అన్నాడు తాత.

అన్నట్టే అయింది. పిడుగు ఇప్పుడు బ్యాగు విసరడం లేదు. చప్పుడు కాకుండా దించి, డబ్బా లాక్కుని కూర్చుంటోంది. అలారాలు మోగించే పని మళ్లీ తనదే, కాకపోతే వెనక గదిలో. పిల్లి మాత్రం ఆమె రాగానే ముఖం అటు తిప్పేసుకుంటోంది. స్టూలు మీదున్న దాన్ని చూస్తే ఇప్పటికీ పిడుగుకు కాస్త మండుతుంది. కాస్తే.

ఒక సాయంత్రం బేకరీ అంకుల్ పెద్ద గొంతుతో కొట్లోకి వచ్చాడు. "ఏమండీ, ఈ అలారం చూడండి! ఒకసారి మొదలైతే ఆపినా ఆగదు!" అంటూ అక్కడికక్కడే మోగించబోయాడు.

పిడుగు డబ్బా మీంచి ఒక్క దూకు దూకింది. గంట మీద అరచెయ్యి పెట్టేసింది. గంట కొట్టే చిన్న సుత్తి ఆమె వేళ్ల మీద టకటకా కొడుతోంది. నొప్పి పుడుతున్నా చెయ్యి తీయలేదు.

"వెనక గదిలోకి రండి అంకుల్, అక్కడ వింటాను," అంది గుసగుసగా. "ఇక్కడ వద్దు. వెండి నిద్రపోతోంది."

అంకుల్ అయోమయంగా తాత వైపు చూశాడు.

"చిన్న మెకానిక్ చెప్పినట్టు వినండి," అన్నాడు తాత.

స్టూలు మీద వెండి ఒక కన్ను తెరిచింది. గంట మీదున్న చేతిని చూసింది. ఆ చెయ్యి ఎవరిదో కూడా చూసింది. ముఖం తిప్పుకోలేదు. మెల్లగా కన్ను మూసుకుని మళ్లీ పడుకుంది.