ఇద్దరి పక్క

హోబార్ట్ శివారు గ్లెనార్కీలో కోపిల అక్క ఇంటి వెనక గదిలో ఒకటే మంచం. దానికి ఇద్దరు ఆడవాళ్లు. పగలు ఒకరు, రాత్రి ఒకరు. ఆస్ట్రేలియా అడుగున ఉన్న ఈ ఊరికి చదువుకోవడానికి వచ్చినవాళ్లకి ఇలా వేళల చొప్పున మంచం పంచుకోవడం వింతేమీ కాదు.

బినిత గురుంగ్‌ది పగలు. అకౌంటెన్సీలో మాస్టర్స్ చేసి, ఆ డిగ్రీని సూట్‌కేసు అడుగున దాచి, వృద్ధాశ్రమంలో రాత్రి పని చేస్తోంది. తెల్లవారకముందే బస్సు దిగి, కట్టెల పొగ వాసనలో నడుచుకుంటూ వచ్చేది. అప్పటికే రెండో అమ్మాయి చేపల ఫ్యాక్టరీకి వెళ్లిపోయి ఉండేది. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా ఇద్దరూ ఎదురుపడలేదు. వాళ్ల మధ్య ఉన్న కట్టుబాటు ఒకటే: లేచినవాళ్లు దిండు తిప్పిపెట్టాలి. పువ్వుల వైపు బినితది, తెల్ల వైపు ఆమెది.

ఆ కట్టుబాటు ఒక్కరోజూ తప్పలేదు. దిండులో కర్పూరం తైలం వాసన, దాని అడుగున సన్నగా చేపల వాసన. దుప్పటి కింద పరుపులో మనిషి పడుకున్న గుంట గోరువెచ్చగా ఉండేది. బినిత ఎవరికీ చెప్పుకోదు గానీ, రోజు మొత్తంలో ఆమెకి ఇష్టమైన క్షణం అదే. కొంకర్లు పోయిన కాళ్లు ఆ గుంటలోకి చాపుకుని, మొహమైనా చూడని మనిషి వదిలి వెళ్లిన వేడిలో కళ్లు మూసుకునేది. రాత్రంతా ఆమె ఎందరినో తాకుతుంది. ఎత్తుతుంది, కడుగుతుంది, పక్కకి తిప్పి పడుకోబెడుతుంది. ఆమెని తాకేవాళ్లు మాత్రం లేరు.

నేపాల్లోని పోఖరా నుంచి మేనమామ ఫోను చేసేవాడు.

"పర్మనెంటు వీసా వచ్చిందా? పెళ్లికి అబ్బాయి సిద్ధంగా ఉన్నాడే!"

"వాడికి కాళ్లు లేవా మామా? నా వీసా ఎక్కి రావాలా?"

ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన ఫోను చేసేవాడు కాదు. పీడా పోయిందనుకునేది. అలా అనుకున్న రోజు కూడా గదిలో నిశ్శబ్దం తగ్గేది కాదు.

ఆశ్రమంలో డొరీన్ అనే ముసలావిడ ఆమె చేతులు పట్టుకుంటే వదిలేది కాదు. "ఎంత వెచ్చగా ఉంటాయే పిల్లా, నీ చేతులు! మా ఆయన పక్కన యాభై ఏళ్లు పడుకున్నా ఇంత వేడి ఎరగను."

"అడగలేకపోయావా?"

"అడిగితే పోయి పొయ్యి దగ్గర నిలబడమనేవాడు."

ఇద్దరూ పగలబడి నవ్వుకునేవారు.

జూలైలో, అక్కడి నడి చలికాలంలో, వీసా వచ్చింది. ఇక ఇక్కడ ఉండిపోవచ్చు. ఎవరినీ ఆనుకోకుండా, ఎవరినీ మొయ్యకుండా. ఇన్నేళ్లుగా ఆమె కోరింది అదొక్కటే. దాంతోపాటే సోమవారం నుంచి పగటి పని ఇచ్చారు. అంటే ఇక రాత్రి పడుకోవాలి. సొంత గది దొరికేదాకా మంచం వేళలు మార్చుకోక తప్పదు.

కోపిల వంటింట్లో పిండిలో కూర కూరి మోమోలు చుడుతోంది.

"అక్కా, రాత్రి పడుకునే అమ్మాయిని అడుగు. కొన్నాళ్లు నాతో మార్చుకుంటుందేమో."

"ఏ అమ్మాయే? యాంగ్జీ చలికాలం రాకముందే పోయిందిగా! వీసా ఇవ్వలేదు, పొమ్మన్నారు. రాత్రికి ఇంకా ఎవరూ దొరకలేదు. హాయిగా పడుకో."

బినిత నవ్వబోయింది. "నేను వచ్చేసరికి పక్క వెచ్చగా ఉంటోంది కదా..."

"ఆ గోడలోంచి వేడినీళ్ల గొట్టం పోతుంది. చదువుకున్నదానివి, ఆమాత్రం తెలీదూ?"

"మరి దిండు?"

కోపిల చేతిలో మోమో విచ్చుకుపోయింది. అంచులు మళ్లీ నొక్కింది. "నువ్వే తిప్పుకుని ఉంటావు. నిద్రమత్తులో."

"ఆ అమ్మాయి ఎక్కడికెళ్లింది?"

"విమానం ఎక్కి ఉంటుంది. నేనేమన్నా వెంట వెళ్లానా? ఇంకా ఇల్లు చేరలేదని వాళ్లవాళ్లు ఒకసారి ఫోను చేశారు. ఎవడితోనో పోయి ఉంటుందని వాళ్లే తేల్చుకున్నారు. మళ్లీ చెయ్యలేదు."

కనబడని ఆడదాన్ని వెతకడం కష్టం. ఆ ఒక్క మాట అనేసుకోవడం ఎంతో తేలిక.

ఆదివారం సాయంత్రం ఆరింటికే చీకటి చిక్కబడింది. కోపిల పిల్లల్ని తీసుకుని ఎవరింటికో వెళ్లింది. కొండ మీంచి దిగిన గాలికి కిటికీకి కట్టిన దుప్పటి ఉబ్బుతోంది, మళ్లీ లోపలికి పీల్చుకుపోతోంది. బినిత గోడకి అరచెయ్యి ఆనించింది. మంచు. గొట్టమూ లేదు, గిట్టమూ లేదు.

మధ్యాహ్నం లేచినప్పుడు అలవాటు కొద్దీ తనే దిండుని తెల్ల వైపు తిప్పింది. ఇప్పుడు పువ్వుల వైపుకి తిప్పుకుని పడుకుంది. పరుపు చల్లగా ఉంది. ఎనిమిది నెలల్లో మొదటిసారి...

ఎప్పుడో కన్ను అంటుకుంది.

చెప్పు విడిచిన చప్పుడు. కాసేపటికి... రెండోది.

కర్పూరం తైలం వాసన. ఆ వెనకే చేపల వాసన. మంచం అంచు మెల్లగా కిందికి దిగింది.

"అక్కా... ఇది నా వేళ."

బినిత దుప్పటి అంచు పట్టుకుంది.

"జరుగు... చలేస్తోంది."

బినిత పక్కకి జరిగింది. ఇన్నాళ్లూ తనకి పక్క వెచ్చబెట్టిన మనిషి. కాదనడానికి మనసు రాలేదు. వీపుకి ఒక వీపు ఆనింది. గడ్డకట్టిన నీళ్లలాంటి చలి. అయినా ఒక్క క్షణం... తనకంటూ ఒకరున్నారు అనిపించింది.

"నువ్వు... వెళ్లిపోలేదా?"

"పొమ్మన్నారు. ఎక్కడికో చెప్పలేదు."

గాలి ఆగింది. కిటికీ దుప్పటి ఉబ్బినది ఉబ్బినట్టే నిలిచిపోయింది.

"నిన్ను ఉండమన్నారుగా, అక్కా?"

"ఊఁ..."

"అయితే ఉండు."

వీపులోంచి వేడంతా మెల్లగా కారిపోసాగింది. నొప్పి లేదు. లేవాలనుకుంది... లేవలేకపోయింది.

తెల్లారేసరికి పక్కన ఎవరూ లేరు. బినిత సామాను సర్దుకుని, తాళంచెవి కోపిల చేతిలో పెట్టి వచ్చేసింది. పక్క పేట మూనాలో గది దొరికింది. సొంత మంచం, సొంత దిండు. కరెంటు దుప్పటి కప్పుకున్నా ఒణుకు తగ్గలేదు. ఆశ్రమంలో డొరీన్ చటుక్కున చేతులు వెనక్కి లాక్కుంది.

"నువ్వొద్దు. ఆ వెచ్చటి చేతుల పిల్లని పంపించు."

"నేనే, డొరీన్!"

"కాదు" అంది ముసలావిడ, ఆమె మొహంలోకి చూడకుండా.

ఓ పొద్దున బినిత పక్క మీంచి లేస్తుండగా కోపిల ఫోను చేసింది.

"ఏమే, తాళం ఇచ్చేశావుగా, పగలు లోపలికి ఎలా వస్తున్నావు?"

"నేను రావడమేంటక్కా?"

"ఆపవే! రాత్రికి కొత్త పిల్ల చేరింది. సాయంత్రం తను వచ్చేసరికి పక్క వెచ్చగా ఉంటోందట. ఆ అక్క చాలా మంచిది, నా కోసం దిండు తెల్ల వైపు తిప్పి మరీ వెళ్తుంది అని ఒకటే మురిసిపోతోంది. వచ్చిన దానివి ఓ టీ అయినా తాగి పోవచ్చుగా?"

బినిత ఫోను పక్కన పెట్టింది. రాత్రంతా తను పడుకుని లేచిన పరుపు మీద అరచెయ్యి ఆనించింది.

చల్లగా ఉంది. గుంట కూడా పడలేదు.