వేడినీళ్ల సూది

ఒక జడ అల్లి రెండోదానికి పాయలు తీస్తూ శంకరవ్వ కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"ఒళ్లు వెచ్చగున్నది. ఇయ్యాల బడికి వద్దు."

"నాకేం గాలే అవ్వా. నిన్నటి పాఠం ఇంక సగమున్నది, ఇయ్యాల చెప్తమన్నరు," అంది పదో తరగతి చదువుతున్న అనసూర్య.

ఆ పాఠమంటేనే శంకరవ్వకు గుండెల్లో గుబులు. బడిలో ఆడపిల్లలను, మగపిల్లలను ఒక్కచోట కూర్చోబెట్టి ఎయిడ్స్ గురించి చెబుతున్నారని నిన్న బోరింగు దగ్గర సత్తమ్మ చెప్పింది. "బొమ్మలు జూపిచ్చి మరీ చెప్తుండ్రట. నీ బిడ్డ ముందు బెంచీలనే కూసున్నదట," అని బిందె ఎత్తుకుని పోయింది. అప్పటి నుంచి శంకరవ్వకు అన్నం సయించలేదు. ఆ రోగం పేరు పిల్ల నోట వింటే రేపు ఎవరు సంబంధానికి వస్తారు? దుబాయిలో ఉన్న మొగడు హనుమండ్లుకు తెలిస్తే ఏమంటాడు?

"గా పాఠం వింటే నౌకరిస్తరా? నడువు, సూది ఏపిస్త."

అనసూర్య దగ్గినా సూదే, తుమ్మినా సూదే. గోలీలిస్తే శంకరవ్వకు నమ్మకం కుదరదు. కూతురిని ఒంటి జడతోనే ఆరెంపీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

బల్ల మీద మొండయ్య తాత బోర్లా పడుకుని ఉన్నాడు. డాక్టరు ఆయనకు సూది వేసి, దాన్నే స్టవ్ మీది గిన్నెలో ఒకసారి ముంచి తీసి, మందు నింపి ఇటు తిరిగాడు. అనసూర్య చెయ్యి వెనక్కి లాక్కుంది.

"గది వద్దు సార్. కొత్త సూది తియ్యుండ్రి."

"వేడినీళ్లల్ల ముంచిన గద బిడ్డా."

"గట్ల ముంచితే సాలదు సార్. సూదికంటిన నెత్తురు ఇంకొకలకు పోతది. ఎయిడ్స్ గిట్లగూడ వస్తదని బడిల చెప్పిండ్రు."

మొండయ్య తాత లేచి కూర్చున్నాడు. "ఏందే పోరీ, నాకు గా రోగమున్నదంటవా?"

"లేదు తాతా. నీకంటె ముందు గా సూది ఎవలకేసిండ్రో నీకెరుకనా?"

తాత మెల్లగా నడుము తడుముకున్నాడు.

"నీ బిడ్డ డాక్టరమ్మైంది శంకరవ్వా. ఇగ సూదులు దీంతోనే ఏపిచ్చుకో," అన్నాడు డాక్టరు.

శంకరవ్వకు తల కొట్టేసినట్టయింది. సూది వేయించకుండానే కూతురిని ఇంటికి లాక్కొచ్చింది. గడప దాటగానే బీడీల చేట కూతురి ముందు విసిరింది.

"నలుగుట్ల ఇజ్జత్ తీసినవ్. రేపటిసంది బడి బంద్. బీడీలు జేసుకుంట ఇంట్ల కూసో."

"బంద్ జెయ్యి," అంది అనసూర్య. "ఎన్నడు నా మాట ఇన్నవ్ గనుక? గని ఒక్కటి చెప్పు. గా రోగం ముచ్చట ఇనొద్దని నన్ను బడికి పోనియ్యలే. పోనియ్యక ఏడికి తోల్కపోయినవ్?"

చెల్లాచెదురైన తునికాకు ఏరుతున్న శంకరవ్వ చెయ్యి ఆగిపోయింది. ప్రతి జ్వరానికీ తను పట్టుకున్న ఆ సన్నని రెక్క, 'ఇంకోటెయ్యి సాబ్' అని తను బతిమాలిన మాట, స్టవ్ మీద అదే గిన్నె. ఆమె అక్కడే కూలబడింది.

"మరి గిన్ని దినాలు నేను ఏపిచ్చిన సూదులు? బిడ్డా, నీకేమన్న అయితదా?"

అవ్వ ముఖం చూసి అనసూర్య కోపం జారిపోయింది. పక్కన కూర్చుంది.

"అందరికి రాదవ్వా. ఫికరుంటె కరీంనగర్ పెద్ద దవఖానల నెత్తురు పరీక్ష చేస్తరట. ఇద్దరం పోదం."

"నేనెందుకే?"

"నాకేపిచ్చినప్పుడల్లా నీరసమని నువ్వు గూడ ఏపిచ్చుకోలేదా?"

శంకరవ్వకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కొంగుతో కళ్లు తుడుచుకుని, కూతురిని దగ్గరికి లాక్కుని, వదిలేసిన పాయలు చేతిలోకి తీసుకుంది. ఈసారి నుదురు తాకి చూడలేదు.

"పాఠం ఇంక షురువు గాకపోవచ్చు, జల్ది పో," అంది జడ కొసకు రిబ్బను ముడేస్తూ. "వచ్చినంక నాకు గూడ చెప్పు. సిగ్గని ఏదీ ఇడువకు."