వసపిట్ట పట్టిన మూగనోము

పొద్దున్నే పెరట్లో స్టూలు వేసి కూతుర్ని కూర్చోబెట్టి, మెడ చుట్టూ తెల్లగుడ్డ కప్పాడు నాన్న. సెలూన్ నడిపే మనిషి. ఎన్ని తలలు కత్తిరించినా కూతురి జుట్టు కొసలు సరిచేయడమంటే ఆయనకి అదో ముచ్చట.

ఒకప్పుడు ఆ స్టూలెక్కితే చాలు, పిల్ల నోరు ఆగేది కాదు. బడి సంగతులు, బస్సు సంగతులు, పక్కింటి కుక్క సంగతులు! అందుకే ఇంట్లో దానికి వసపిట్ట అని పేరు. "అమ్మా తల్లీ, కాసేపు ఊరుకోవే, చెవులు చిల్లులు పడుతున్నాయి" అని ఆయన మొత్తుకోని రోజు లేదు. ఇప్పుడేమో పిలిస్తే తప్ప పలకదు.

"చూశావా, తొమ్మిదో తరగతికొచ్చేసరికి మన పిల్లకి ఎంత బుద్ధొచ్చిందో!" అన్నాడు మురిసిపోతూ.

"బుద్ధో ఏమో, నాకైతే బెంగగా ఉంది. దానికి తిండి సయించట్లేదు. మనసు డాక్టరుకి ఒకసారి చూపించమని టీచరమ్మ కూడా చెప్పింది కదండీ" అంది అమ్మ వంటింటి గుమ్మంలోంచి.

"మళ్ళీ మొదలెట్టావూ? నా కూతురికేమన్నా పిచ్చా? నలుగురికీ తెలిస్తే పరువేం కాను!"

అంటూనే దువ్వెనతో జుట్టు పైకెత్తాడు. చెయ్యి అలాగే ఆగిపోయింది. చెవి వెనక బొటనవేలంత మేర జుట్టు లేదు. పేనుకొరుకుడైతే నున్నగా ఉంటుంది. ఇక్కడ పొట్టి పొట్టి వెంట్రుకలు, ఒక్కోటి ఒక్కో పొడవు. ఎవరో పీకినవి.

"ఎవరే పీకింది? చెప్పు, వాళ్ళ అంతు చూస్తా!"

"నేనే నాన్నా."

కత్తెర కింద పెట్టేశాడు.

"క్లాసులో నేను నోరు తెరిస్తే అందరూ చెవులు మూసుకునేవాళ్ళు" అంది పిల్ల తల వంచుకుని. "అందుకే మాట్లాడ్డం మానేశా. మాటలన్నీ లోపలే ఉండిపోతే చేతులు ఊరుకోవు. పీకేసుకుంటాను."

"మాతోనైనా చెప్పొచ్చు కదే!" అమ్మ పరుగున వచ్చింది.

"చెబుదామనే అనుకున్నా. కానీ నేను మాట్లాడకపోతేనే నాన్న మెచ్చుకున్నాడు. మీక్కూడా నేనిలా ఉంటేనే ఇష్టమేమో అనుకున్నా."

నాన్న స్టూలు ముందు చతికిలబడ్డాడు. "ఇల్లు బోసిపోతుంటే బుద్ధొచ్చిందనుకున్నాను, ఎంత వెర్రివాణ్ణి! నీ మాటలంటే నాకు ప్రాణమే తల్లీ." ఆయనకి కన్నీళ్ళు కారిపోతున్నాయి.

"నాన్నా, నేను ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళనా?"

"వెళ్ళనా ఏంటి? ఇవాళే నేను తీసుకెళ్తా."

"మరి పరువో?" అమ్మ ఊరుకుంటుందా!

"అడిగినవాడికి సగం గడ్డం గీసి పంపిస్తా!"

కన్నీళ్ళ మధ్యే పిల్ల ఫక్కున నవ్వింది.

డాక్టరమ్మ పిల్లతో విడిగా చాలాసేపు మాట్లాడింది. ఇది మెల్లిగా తగ్గుతుందని, మళ్ళీ మళ్ళీ రావాలని, బడివాళ్ళతో తాను మాట్లాడతానని చెప్పింది. "ఇంట్లో మీరు చేయాల్సింది ఒక్కటే. వినండి" అంది నాన్నతో.

తిరుగు బస్సులో పిల్ల కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. రెండు స్టాపులు దాటాక తనే నాన్న వైపు తిరిగింది.

"నాన్నా, డాక్టరమ్మ టేబుల్ మీద ఒక తాబేలు బొమ్మ ఉంది. దాని తల ముట్టుకుంటే..."

"టికెట్, టికెట్" అంటూ కండక్టరు వచ్చి నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం ఆగు బాబూ" అన్నాడు నాన్న. "మా అమ్మాయి మాట్లాడుతోంది."