ఇట్లు, సుమిత్ర

"ఇరవై మంది అని ఎవలు రాసిండ్రు? మేం నలభై మందిమి పని బంద్ పెట్టినం. సగం మందిమి నీ కంటికి కనబడలేదా?"

పటాన్‌చెరు నెట్ సెంటర్‌లో సుమిత్ర నాతో అన్న మొదటి మాటలవి. కాజీపల్లి మందుల కంపెనీలో ఆమెది ప్యాకింగ్, నేను స్టోర్స్‌లో కంప్యూటర్ ఆపరేటర్ని. ఏ కంపెనీలో సమ్మె జరిగినా, ఎంతమంది దిగారో, ఏం అడిగారో అందరికీ తెలిసేలా మేం నలుగురం ఒక వెబ్‌సైట్ నడిపేవాళ్లం. అంకె దిద్దాను. ఆమె నవ్వింది. ఇక నా పని అయిపోయింది!

తర్వాత ప్రతి సమ్మె కబురూ ఆమే తెచ్చేది. ఓసారి ఆమె చెప్పిన వార్త కింద, కరపత్రాల్లో వేసినట్టే, 'ఇట్లు, సుమిత్ర, ప్యాకింగ్' అని పెట్టాను. తెర మీద పేరు చూసి మురిసిపోతుందనుకున్నాను. నా పేరు మాత్రం ఎక్కడా పెట్టుకోలేదు. ఉద్యోగం పోతుందని భయం.

మర్నాడు మేనేజర్ ఆ పేజీ ప్రింటు పట్టుకుని స్టోర్స్‌కొచ్చాడు.

"ఈ సుమిత్ర నీకు తెలుసా?"

"తెలవదు సార్."

మా నలుగురిలో పోయిన నెల ఇలాగే దొరికిపోయిన బాలప్పకు ఇప్పటికీ ఏ కంపెనీలోనూ పని ఇవ్వడం లేదు.

మధ్యాహ్నం ఆటో పట్టుకుని నెట్ సెంటర్‌కి ఉరికాను. కరెంటు లేదు. సాయంత్రం దాకా రాదన్నాడు సెంటర్ నడిపే ఐలన్న. ఆమె పేరు చెరిపే దారి లేక, షిఫ్టు వదిలే వేళకు గేటు ముందు వానలో నిలబడ్డాను.

అందరికన్నా వెనక వచ్చింది.

"రేపు పదింటికి ఆఫీసుకు రమ్మన్నరు," అంది.

"కరెంటు రాంగనే నీ పేరు తీసేస్త, సుమిత్రా."

"తీస్తే ఏమైతది? ప్రింటు ఆళ్ల దగ్గరున్నది గద!" టిఫిన్ డబ్బాలోంచి మడత కాగితం తీసింది. ముప్పై తొమ్మిది పేర్లు, కొన్నిటి పక్కన వేలిముద్రలు. "ఇవి గూడ రాయి. ఒక్కదాన్నయితే ఎల్లగొడ్తరు. నలభై మందిని ఎల్లగొడితే ప్యాకింగ్ ఎవలు జేస్తరు?"

"నన్ను తిట్టవా?"

"తిడత. నా పేరు రాసినవ్ సరే, నీ పేరేది?"

కరెంటు వచ్చాక నెట్ సెంటర్‌లో అన్ని పేర్లూ కొట్టాను. చివర్న 'లింగం, స్టోర్స్' అని రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారి సరిగ్గా కొట్టాను.

"గంత కిందెందుకు?" అంది సుమిత్ర, తెర వైపే చూస్తూ. "నా పక్కకు పెట్టు."

పెట్టాను.

"రేపు ఆఫీసుకు ఇద్దరం పోదాం," అన్నాను.

"పోదాం. ఆడికెల్లి అటే మా ఇంటికి పోదాం. మా నాయినతోని నువ్వే మాట్లాడాలె. మన మేనేజర్ ఆయన ముందల ఎంత!"

అప్పుడు వేసింది నాకు అసలు భయం.