సైరన్ మోగేదాకా

పోశం మొదటి షిఫ్టుకు బయలుదేరే ప్రతి పొద్దునా సారవ్వ వెంటనే చీపురు ముట్టదు. భర్త బండి క్వార్టర్ల మూల తిరిగేదాకా గడప దగ్గర నిలబడుతుంది. వెనక నుంచి పిలవదు. షిఫ్టు సైరన్ మోగితే మనిషి పనిలో పడ్డట్టు లెక్క. అప్పుడు వాకిలి ఊడుస్తుంది. పెళ్ళయి గోదావరిఖని వచ్చిన కొత్తలో పక్కింటి ముసలమ్మ నేర్పిన పద్ధతి అది. బొగ్గుబాయి పనోళ్ళ ఇళ్ళల్లో దానికి కారణం ఎవరూ అడగరు.

కూతురు రమకు ఆ పట్టింపు లేదు. సకల జనుల సమ్మె అయిన మరుసటి ఎండాకాలం అది. కరీంనగర్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ మూడో ఏడు ముగించి, తండ్రి ఫిట్టర్‌గా ఉన్న వర్క్‌షాపుకే ట్రైనింగుకు వచ్చింది. బాయిలోకి దిగే పని కాదు, పైనే. తండ్రి వెళ్ళిన చాలాసేపటికి ఆమె చెప్పులు వేసుకుంటుంటే చీపురు కాళ్ళకు తగిలింది.

"నేనింకా గడప దాటలే అవ్వా."

"ఫ్యాను కింద కూసోను పోయేటోళ్ళకు గివన్ని ఎందుకు?" సారవ్వ నవ్వింది.

రమ నవ్వలేదు. ఆమెతో పాటు వచ్చిన మగపిల్లలు వర్క్‌షాపులో పంపులు విప్పుతున్నారు. ఆమెకు మాత్రం పక్కనున్న ఆఫీసు గదిలో కుర్చీ వేసి, పాత డ్రాయింగులకు నకళ్ళు గీయమన్నారు.

మధ్యాహ్నం పోశం వచ్చి అన్నానికి కూర్చోగానే, వెనకే రమ వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"బాపూ, నన్ను వర్క్‌షాపులకు రానియ్యద్దని రాజం కాకకు నువ్వే చెప్పినవట."

రాజం అక్కడి ఫోర్‌మన్. పోశం కలిపిన ముద్ద కంచంలోనే ఆగింది. నూనె, మసి, మగవాళ్ళ మోటు మాటలు, అక్కడ ఆడపిల్ల నిలవలేదని ఏదో చెప్పబోయాడు.

"గా మోటు మాటలు పుట్టినకాంచి నీ నోట్లె ఇంటున్న."

పోశం భార్య వైపు చూశాడు.

రమ కూర్చుంది. గొంతు పెంచకుండానే చెప్పింది. క్లాసులో ఆడపిల్ల తనొక్కతే. నీ రాత ముత్యాల్లా ఉంటుందని లాబులో రికార్డు ఆమె చేతికిచ్చి, పానా మగపిల్లల చేతికిస్తారు. మూడేళ్ళూ అంతే.

"గాడ సార్లు, ఈడ మీరు. రేపు కొలువుకు పోతే పంపు ఎన్నడన్న విప్పినవా అని అడుగుతరు. మంచిగ గీతలు గీసిన అని చెప్పాల్నా?"

"బాపును అనకు," అంది సారవ్వ. "చెప్పిచ్చింది నేను."

పోశం ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. అదే వర్క్‌షాపులో, బరువులెత్తే చైన్ పుల్లీలో పడి తెగిపోయాయి. ఆమె ఆ చేతినే చూస్తూ మాట్లాడింది.

"గా దినం గుడ సైరన్ మోగినాంకనే వాకిలి ఊడ్చిన. ఒక్కల కోసం నిలవడుడే నాతోని అయితలేదు బిడ్డా. ఇద్దరి కోసం ఎట్ల నిలవడాలె?"

"మరి బాపును ఎన్నడన్న ఆపినవా?"

"బాపును ఆపితే ఇల్లెట్ల నడుస్తది?"

"నన్నాపితే నేనెట్ల బతకాలె?"

సారవ్వ కంచంలో అన్నం వడ్డించి కూతురి ముందు పెట్టింది. రమ చేతులు కడుక్కుని వచ్చింది. కడగకముందు కూడా అవి అంతే శుభ్రంగా ఉన్నాయి. మూడేళ్ళు ఇంజన్ల చదువు చదివిన చేతులకు ఒక్క మచ్చ లేదు. ఇన్నాళ్ళూ అది తన అదృష్టమనుకుంది సారవ్వ. ఇప్పుడు ఆ చేతులు చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళ చేతుల్లా కనిపించాయి. కొంగు కళ్ళకద్దుకుని లోపలికి వెళ్ళింది.

తిరిగి వచ్చినప్పుడు, కంపెనీ ఇచ్చిన బూట్లలో పోశం వాడకుండా దాచుకున్న కొత్త జత ఆమె చేతిలో ఉంది.

"పెద్దగైతయి గదనే," అన్నాడు పోశం.

"ఆడపిల్లల కాళ్ళకు వాళ్ళెన్నడు కుట్టిచ్చిండ్రు?" అని పాత చీర చింపి, బూట్ల మొనల్లో కుక్కడం మొదలుపెట్టింది. "రాజం అన్నకు నువ్వే చెప్పు. మా ఆమెకు తెలివి లేక అన్నదని చెప్పు."

మర్నాడు తండ్రీకూతుళ్ళు ఒకే బండి మీద బయలుదేరారు. మూల దగ్గర రమ వెనక్కి తిరిగి చూడబోయింది. ముందుకు చూడమని సారవ్వ చేత్తోనే చెప్పింది. చీపురు గోడకే ఆనుకుని ఉంది.

సైరన్ మోగింది, ఆగింది. అయినా సారవ్వ గడప దగ్గర మరి కాసేపు నిలబడే ఉంది, రెండో మనిషి కోసం.